ఖాళీ చేతుల వరస

కొత్తపాళెం,
20 అక్టోబరు 2024, ఆదివారం.

కొట్టేశారమ్మా, నీ శిక్ష కొట్టేశారు! నీ సైడ్ డ్రమ్ము నీకు ఇచ్చేశారు!

సంతోషంలో పలకరింపు కూడా మరిచిపోయాను చూడు. మా బంగారుతల్లి అబిగయీలుకు నీ నాయన సమాధానం కోటి దీవెనలతో రాసేదేమంటే, ఇక్కడ నేనూ మీ అమ్మా ప్రభువు దయవల్ల బాగున్నాం. మద్రాసు పక్కన ఆ ఫ్యాక్టరీలో, ఆ హాస్టల్లో నువ్వూ బాగున్నావని తలుస్తాను. ఫోన్ చేయక ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. ఇన్నేళ్లు బ్యాండులో పెద్ద డ్రమ్ము మోసి మోసి నా చెవులు ఎందుకూ కొరగాకుండా పోయాయి. నువ్వు ఫోన్లో చెప్పేదంతా మీ అమ్మ విని, పొయ్యి మీద పాలు చూసుకుని వచ్చి, "బాగుండాదంట, తిన్నదంట, పెట్టేసింది" అంటుంది. నా బిడ్డ అంతసేపు మాట్లాడింది ఇంతేనా? కాగితం మీదైతే నీ మాట ఎన్నిసార్లయినా వినవచ్చు.

జరిగింది చెబుతాను. పొద్దున ఆరాధన అయ్యాక లాజరస్ గారు నన్ను చర్చి మెట్ల దగ్గర ఆపాడు. సంఘపెద్ద, పైగా బ్యాండు కమిటీకి పెద్ద, ఆయనంతట ఆయన ఆపి మాట్లాడటమే గొప్ప. నా చెవి దగ్గర నోరు పెట్టి, "సమాధానమన్నా, జనవరిలో గూడూరు పోటీ వస్తా ఉండాది. నీ కూతురి సంగతి కమిటీలో మాట్లాడినాం. అయిందేదో అయిపోయింది, చిన్నపిల్ల. క్షమించేసినాం, రమ్మను" అన్నాడు. నాకు వినబడలేదనుకుని రెండోసారి చెప్పాడు. మొదటిసారే వినబడింది తల్లీ! ఇంకోసారి వినాలనిపించి ఊరుకున్నాను.

నిన్ను ఖాళీ చేతుల వరసలో నిలబెట్టినప్పుడు నేను ఒక్క మాట అనలేదు. ఎలా అంటాను? ఆ పద్ధతి పెట్టింది మీ తాత. బ్యాండులో ఎవరు తప్పు చేసినా కొట్టకూడదు, వెళ్లగొట్టకూడదు. యూనిఫారం వేసుకుని, వాయిద్యం లేకుండా, అందరి వెనక, అడుగు తప్పకుండా నడవాలి. "ఎల్లగొడితే పగోడైపోతాడు, ఎనక నడిపిస్తే మనోడే" అనేవాడు. పోయిన పోటీ రోజున మనుబోలు బ్యాండు పెద్ద డ్రమ్ము మీద తడి తువ్వాలు పరచడం తప్పే కదా తల్లీ. తోలు తడిస్తే డ్రమ్ము మూగబోతుందని నీకు చెప్పింది నేనే. ఆ తువ్వాలు నీ సంచిలో దొరికింది, నువ్వు ఒప్పుకున్నావు, గెలిచిన కప్పు మనం తిరిగి ఇచ్చేశాం, నీకు ఏడాది శిక్ష వేశారు. అంతా సక్రమంగానే జరిగింది. కానీ ఈస్టరు తెల్లవారి ఊరేగింపులో ఒక్కసారి వెనక నడిచి, మర్నాడే ఫ్యాక్టరీ బస్సు ఎక్కేశావే, అదొక్కటే నాకు మింగుడు పడలేదు. సిగ్గుతో పోయిందిలే, ఏడాది గడిస్తే వస్తుందిలే అని మీ అమ్మకు ధైర్యం చెబుతూ వచ్చాను. మీ అమ్మకు చెబుతున్నానో నాకు చెప్పుకుంటున్నానో.

జనం నాకు చెవులు లేవంటారు గానీ నీ డ్రమ్ము నాకు వినబడేది. చెవితో కాదు. పక్కన నువ్వు వాయిస్తూ నడుస్తుంటే ఎదురొమ్ము మీద తగిలేది. ఇప్పుడు నా పక్కన పెంచలప్రసాద్ కొడుతున్నాడు. మంచి పిల్లాడే పాపం, ఏమీ తగలడం లేదు.

మీ అమ్మ అప్పుడే నీ తెల్ల యూనిఫారం తీసి ఎండలో వేసింది. కాకి రెట్ట వేస్తే మళ్లీ ఉతికింది. ఎప్పుడు వస్తావో రాయి. రెక్కలుంటే ఈ ఉత్తరం కన్నా ముందు నేనే వచ్చేవాణ్ణి.

నీ రాకకు వీధిలోకి చూస్తున్న
నీ నాయన

*

మద్రాసు హాస్టలు,
2 నవంబరు 2024.

నాయనకు,

ఉత్తరం అందింది. రెండోసారి వినాలని ఊరుకున్నానన్న చోట నవ్వాను. తర్వాత స్నానాల గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

నేను రావడం లేదు. నా డ్రమ్ము పెంచలప్రసాద్‌నే వాయించుకోమను. శిక్ష కొట్టేయమని నేను ఎవరినీ అడగలేదు. క్షమించామని లాజరస్ గారు చెప్పగానే నువ్వు ఆ మెట్ల మీదే దండం పెట్టి ఉంటావు. పెట్టే ఉంటావు, నాకు తెలుసు.

ఒక్క పని చెయ్యి నాయనా. ఈసారి ప్రాక్టీసుకు పోయినప్పుడు క్రాంతి కుమార్ ఎక్కడ నడుస్తున్నాడో చూడు. బాగా చూసి నాకు రాయి. ఇంతకన్నా రాయాలంటే నా చెయ్యి రావడం లేదు.

తిండి సంగతి అమ్మ అడుగుతోంది కదా. ఇక్కడ అన్నంలో సాంబారు, సాంబారులో అన్నం. నేనూ మా గది అమ్మాయీ ఎండుచేపలు, నెత్తళ్లు వేయించుకుందామని పొయ్యి వెలిగించామో లేదో, వార్డెనమ్మ ముక్కు మూసుకుని అరవంలో కేకలు పెట్టుకుంటూ వచ్చేసింది. ఆ వాసనకు నాకైతే మన వాకిలే కనబడింది.

చలిగాలి మొదలవుతుంది. చెవులకు గుడ్డ కట్టుకో.

అబిగయీలు

*

కొత్తపాళెం,
10 నవంబరు 2024.

ఓసి నా తల్లీ, అర్థమైందే, మీ నాయనకు అర్థమైపోయింది! ఇంత చిన్న సంగతి ముందే చెబితే నేను కాదంటానా?

నువ్వు చెప్పినట్టే క్రాంతి కుమార్‌ను బాగా చూశాను. కాలువ కట్ట మీద ప్రాక్టీసు. అందరికన్నా ముందు వరసలో, నడిమధ్యలో నడుస్తున్నాడు. చేతులకు కొత్త తెల్ల గ్లౌజులు, బ్యూగిల్‌కు ఎర్ర కుచ్చు. వాళ్ల నాయన లాజరస్ గారి పోలికే, ఎత్తు మాత్రం ఇంకా ఎక్కువ. రొయ్యల గుంటల మీద పని చేసి కాస్త నలుపెక్కాడు గానీ ఆ నడకలో దర్జా తగ్గలేదు. "రెబెక్కా, మన అమ్మాయి ఇట్లా అడిగిందే" అని మీ అమ్మకు నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "నాకెప్పుడో తెలుసు" అంది. ప్రపంచంలో ఏం జరిగినా మీ అమ్మకు ఎప్పుడో తెలుసు.

ఊరుకోలేక ప్రాక్టీసు మధ్యలోనే వాడి దగ్గరికి పోయి, "మా అమ్మాయి నిన్ను అడిగింది రా అబ్బయా, నువ్వు యాడ నడస్తా ఉండావో చూసి రాయమనింది" అన్నాను. చూడాలి వాడి ముఖం! తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఎత్తుకున్న పాట సగంలో ఆగిపోయింది. అంత సిగ్గు ఈ కాలపు మగపిల్లల్లో ఎక్కడుంది తల్లీ?

నిన్న మంచి పీతలు దొరికితే ఒక బుట్ట లాజరస్ గారింటికి పంపాను. ఇవాళ చర్చి దగ్గర కనబడితే, "లాజరసూ, మన రెండిళ్లూ ఒకిల్లయితే ఎట్టుంటది?" అని ఒక మాట వేశాను. ఆయన కాస్త తడబడి, "పోటీ కానీలే అన్నా, తరవాత చూద్దాం" అన్నాడు. కాదనలేదు! గమనించావా, కాదనలేదు!

కాబట్టి నీ బెట్టు చాలించి వచ్చెయ్యి. నువ్వు అతని వెనక వరసలో డ్రమ్ము వాయిస్తూ, నేను నీ పక్కన. ఈ ముచ్చట నా కళ్లతో చూస్తే చాలు. పొలంలో నారు పోశాం. వాన తెరిపి ఇవ్వడం లేదు. డ్రమ్ము తోలు రోజూ వరిగడ్డి మంట మీద కాచాల్సి వస్తోంది.

మురిసిపోతున్న
నీ నాయన

*

మద్రాసు హాస్టలు,
19 నవంబరు 2024.

నాయనా,

దండం పెడతాను, లాజరస్ గారి దగ్గర ఆ మాట ఇంకొకసారి ఎత్తకు. పీతలు పంపితే పంపావు, మనిషిని పంపకు. పెళ్లి కాదు నాయనా నేనడిగింది.

ఎక్కడ నడుస్తున్నాడో చూడమంటే నువ్వు గ్లౌజులు చూశావు. ముందు వరసలో నడిమధ్యలో నడుస్తున్నాడని నువ్వే రాశావు. అది చాలు. ఇక విడమరిచి చెప్పక తప్పదు, కోపం తెచ్చుకోకుండా చదువు.

ఆ రోజు గూడూరులో మనుబోలు డ్రమ్ము దగ్గరికి నేను ఒక్కదాన్నే పోలేదు. ఇద్దరం పోయాం. అంతకు ముందు ఏడాది వాళ్లు మనల్ని "ఉప్పుగాలి బ్యాండు, డ్రమ్ముకు తుప్పు పట్టింది" అని ఎక్కిరించారే, అది ఇద్దరి కడుపులోనూ ఉంది. కొళాయి దగ్గర తువ్వాళ్లు తడుపుకున్నాం. అతనిది వ్యాను కింద పారేశాడు. నాది సంచిలో పెట్టుకున్నాను. అదే తేడా. కమిటీలో నన్ను అడిగితే "మేము చేశాం" అన్నాను. "మేము" అన్నాను నాయనా, నాకు బాగా గుర్తు. మేమంటే ఎవరని ఒక్కరూ అడగలేదు. క్రాంతి గోడకు ఆనుకుని కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. లాజరస్ గారు కొడుకు వైపు చూశాడు, నా వైపు చూశాడు, "సరే, నీకు ఏడాది" అన్నాడు. నువ్వు ఆ మూల కూర్చుని ఉన్నావు. నీకు వినబడి ఉండదు.

ఖాళీ చేతులతో నడవడం నాకు బరువు కాలేదు. తాత పెట్టిన పద్ధతి మంచిదే. తప్పు చేశాను, నడవాలి. కానీ ఈస్టరు రోజున చీకట్లో అందరి వెనక నడుస్తుంటే దీపాల వెలుగులో ముందు అతని వీపు కనబడుతూ ఉంది. అదే తప్పు చేసిన వీపు. ఊరంతా అతని పాటకు అడుగు వేస్తోంది, నేను కూడా. ఆ అడుగు వేయలేక వచ్చేశాను. సిగ్గుతో కాదు.

ఇప్పుడు పోటీకి చేతులు తక్కువై నన్ను క్షమించారు. అవసరానికి వేసే శిక్ష, అవసరానికి తీసేసే శిక్ష నాకొద్దు. నాది తీసేయమని అడగొద్దు. అతనికీ వేయమని అడుగు. అడగలేకపోతే వద్దులే, నిన్ను ఆయన ఎదుట నిలబెట్టడం నాకూ కష్టమే.

ఆదివారం మా హాస్టలు ముందు నుంచి ఎవరిదో పెళ్లి బ్యాండు పోయింది. మేడ మీద బట్టలు ఆరేస్తూ నాకు తెలియకుండానే అడుగు వేస్తున్నానంట, మా గది అమ్మాయి నవ్వింది. ఎవరి బ్యాండో, ఏం పాటో, కాళ్లకు తెలియదు కదా. ఇంటికి రావాలనే ఉంది నాయనా. రోజూ ఉంది.

అబి

*

కొత్తపాళెం,
1 డిసెంబరు 2024.

అమ్మా అబిగయీలూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఆలస్యానికి వాయుగుండం ఒక సాకు. అసలు సంగతి, ఏం రాయాలో తోచలేదు. నువ్వు "మేము" అన్నావని తెలిసి ఉంటే నేను ఆ రోజే లేచేవాణ్ణి. ఇన్నాళ్లూ మా అమ్మాయికి సిగ్గు అని చెప్పుకు తిరిగాను.

నీ ఉత్తరం అందిన మర్నాడే లాజరస్ గారింటికి పోయాను. పీతల సంగతి కాదని నా ముఖం చూసే గ్రహించాడు. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. నేను చెప్పింది విని, "నీ కూతురు చెప్పిన మాటే గదన్నా ఇది. సాక్షి ఎవురు?" అన్నాడు. ఆయన భార్య టీ తెచ్చి, మా ఇద్దరి ముఖాలూ చూసి, గ్లాసులతోనే లోపలికి పోయింది. సాక్షిని తెస్తానని చెప్పి వచ్చేశాను. డ్రమ్ము మనుబోలు వాళ్లది కదా, ఆ రోజు వాళ్లలో ఎవరో ఒకరు మీ ఇద్దరినీ చూసే ఉంటారనుకున్నాను. వాన కాస్త తెరిపి ఇచ్చాక గూడూరు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి పట్టుకుని మనుబోలు చేరాను.

తల్లీ, ఇప్పుడు రాసేది నిదానంగా చదువు.

వాళ్ల పెద్ద డ్రమ్ము వాయించే జయకుమార్ ఎక్కడుంటాడని అడిగితే హైవే పక్కన పంక్చర్ల అంగడి చూపించారు. మనిషి నలభై లోపే గానీ తల నెరిసింది. "మాది కొత్తపాళెం బ్యాండు" అంటే లేచి కుర్చీ తుడిచి వేశాడు. "మీరు మా పెద్దలు, కప్పు గెలిచి కూడా మా వరస తప్పింది, మాకు తగదని తిరిగిచ్చినారే, అట్టాంటోళ్లు యాడుంటారయ్యా" అన్నాడు. నాకు వినబడింది సరిగ్గానేనా అని మళ్లీ చెప్పమన్నాను. అదే చెప్పాడు. కప్పు ఇచ్చేటప్పుడు లాజరస్ గారు వాళ్లకు తువ్వాళ్ల సంగతి చెప్పలేదమ్మా. వరస తప్పింది అని మాత్రమే చెప్పి వచ్చాడట.

మరి నువ్వు వాయించడం లేదా అన్నాను. నవ్వాడు. "నన్ను తీసేసినారు పెద్దాయనా. టీ తాగను పోయి డ్రమ్ము మంచులో ఒదిలేసినానంట. తోలు నానిపోయింది. ఎంత కాచినా పలకలా. నా తప్పే. మా నాయన వాయించిన డ్రమ్ము అది, నిద్రమొగమోడి చేతికిచ్చినామని అందరి ముందరా అన్నారు. అప్పటి నుంచి ఆ దిక్కు పోలేదు" అన్నాడు. చర్చికి కూడా పోవడం లేదట. వాళ్లకు మనలాగ వెనక నడిపించే పద్ధతి లేదు కదా, తీసేస్తే తీసేసినట్టే.

పోయింది సాక్షి కోసం. ఊళ్లో వాగుడుకాయనని పేరున్నవాణ్ణి, ఆ మనిషి తెప్పించిన టీ తాగి, నమస్కారం పెట్టి వచ్చేశాను. చెప్పాల్సింది నేను కాదనిపించింది.

నీది న్యాయమే తల్లీ. తప్పు చేసినవాడు ముందు వరసలో నడవడం నీకు గుచ్చుకుంది, గుచ్చుకోవాలి కూడా. కానీ ఏ తప్పూ చేయని మనిషి ఏ వరసలోనూ లేకుండా టైర్ల మధ్య కూర్చుని ఉన్నాడు. అది నీకు తెలియదు, నాకూ తెలియదు. తెలిశాక నీకు చెప్పకుండా ఉండలేను. కోప్పడటం లేదు. నీ మీద కోపం తెచ్చుకుందామన్నా రాదు, నువ్వు ఎదుట ఉంటేనే కదా.

మీ అమ్మ నీ యూనిఫారం మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

నీ నాయన

*

మద్రాసు హాస్టలు,
9 డిసెంబరు 2024.

నాయనా,

నిన్న మనుబోలు పోయి వచ్చాను. నీకు చెబితే నువ్వూ వస్తానంటావని చెప్పలేదు. నిన్ను చూస్తే నేను ఇంటికి వచ్చేసేదాన్ని.

పోయే ముందు క్రాంతికి ఫోన్ చేశాను. ఇన్ని నెలల్లో మొదటిసారి. జయకుమార్ గారి సంగతి చెప్పి, "నేను పోతున్నా, నువ్వు వస్తే రా, లేకపోతే మానుకో" అన్నాను. రొయ్యల గుంటలో నీళ్లు చిలికే చక్రాల చప్పుడే వినబడింది. పెట్టేశాను.

అంగడిలో ఆయన లారీ టైరు విప్పుతున్నాడు. నేను ఎవరో చెప్పి, డ్రమ్ము మంచుకు నానలేదన్నా, మేము తడిపాం అన్నాను. ఇనుప కడ్డీ చేతిలోనే ఉంది, కొడతాడేమోనని భయమేసింది. కొట్టలేదు. ఏం అడిగాడో తెలుసా?

"ఏ పక్క పరిచినారు? కొట్టే పక్కా, అవతలి పక్కా?"

నేను జవాబు చెప్పేలోపల వెనక నుంచి, "రెండు పక్కలా అన్నా. ఒక పక్క ఈ అమ్మాయి, ఒక పక్క నేను" అని వినబడింది. క్రాంతి. ఎప్పుడు వచ్చాడో, టైర్ల అవతల బండి ఆపుకుని నిలబడి ఉన్నాడు.

"అదీ సంగతి!" అని జయకుమార్ గారు కడ్డీ కింద పడేశాడు. "రెండు పక్కలా నానితే యాడ పలకతాది! ఒక పక్క అయితే కాస్తే లేస్తది. నేను చెప్తానే ఉండా మా ఇంట్లోదానికి, నేను కాచడంలో తప్పు లేదే అని. ఏమే, ఇట్రా, ఇనుకో!" అని వాళ్లావిడను కేకేశాడు. ఆమె చేతులు పిండితోనే వచ్చి విషయం విని మా ఇద్దరినీ తిట్టిన తిట్లు నీకు రాయలేను. ఆమె తిడుతుంటే ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆ తర్వాత మాకు వీపు తిప్పి, టైరులో గాలి ఎక్కిస్తున్నట్టు చాలాసేపు అటే తిరిగి ఉన్నాడు. గొట్టం టైరుకు తగిలించి లేదు నాయనా.

వాళ్ల కమిటీ పెద్దల ఇంటికి ఆయనే తీసుకుపోయాడు. అక్కడా ఇద్దరం చెప్పాం. ఒకాయన పోలీసులన్నాడు, ఒకాయన మీ బ్యాండును పోటీ నుంచి తీసేయించాలన్నాడు. జయకుమార్ గారు, "ముందు నా డ్రమ్ము నాకియ్యండి, తరవాత ఎవుర్ని ఏం చెయ్యాలో చూద్దురు" అన్నాడు.

వచ్చేటప్పుడు బస్టాండులో క్రాంతి, "ఆ రోజు నన్నెవరూ అడగలేదు అబీ" అన్నాడు. "ఇవాళ ఎవరు అడిగారు?" అన్నాను. నా బస్సు కదిలేదాకా ఉన్నాడు.

నాయనా, ఇన్నాళ్లూ నాకు జరిగిన అన్యాయం ఒక్కటే చూసుకున్నాను. ఇక ఎవరికి ఏం వేయాలని నేను అడగను. కానీ నాది మాత్రం తీసేయనివ్వకు. ఈస్టరు దాకా మిగిలింది నేను నడవాలి. పోటీ రోజునే మొదలుపెడతాను, గూడూరు జనం చూసేటట్టు. మన కమిటీ వాళ్లు ఒప్పుకుంటేనే వస్తాను.

అమ్మను యూనిఫారం తీయమను. నడుము కాస్త సన్నబడ్డాను, కుట్టు వేయాలి.

అబి

*

కొత్తపాళెం,
16 డిసెంబరు 2024.

వేసేశారమ్మా, ఇద్దరికీ శిక్ష వేసేశారు! స్తోత్రం, వేయి స్తోత్రాలు!

నిన్న ఆరాధన అయ్యాక నేను లేచి, కమిటీ ఇప్పుడే, అందరి ఎదుటే కూర్చోవాలన్నాను. లాజరస్ గారు సాక్షి దొరికాడా అని అడగబోయాడు. ఆయన నోటి మాట నోట్లో ఉండగానే క్రాంతి కుమార్ లేచాడు. బ్యూగిల్ తెచ్చి వాళ్ల నాయన ముందు బల్ల మీద పెట్టాడు. "ఒక పక్క నేనే నాయనా పరిచింది. నీకు ఆ రోజే తెలుసు" అన్నాడు. నా చెవులకు కూడా వినబడిందంటే చర్చి ఎంత నిశ్శబ్దంగా ఉందో చూసుకో. మనుబోలులో చెప్పి వచ్చింది కూడా చెప్పాడు.

ఎవరో వెనక నుంచి, "బ్యూగిల్ లేకుండా పోటీకి యాడ పోతాం? ఓడిపోతాం గదా!" అన్నారు. నేను ఊరుకుంటానా? "ఓడిపోదాం! ఎవరో ఒకరు చివర రావాల్నా వద్దా! పోయినసారి గెలిచి ఏం తెచ్చుకున్నాం, చెప్పండి!" అని అరిచాను. నాకు గొంతు ఎంత ఎత్తానో తెలియదు కదా, పాపం ముందు బెంచీలో ఎవరి పసిబిడ్డో ఏడుపు అందుకుంది.

లాజరస్ గారిని నేను తప్పు పట్టలేను తల్లీ. కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. కొడుకుకు తన నోటితో శిక్ష చదవడం మాటలా? చదివాడు. నీకు ఎంతో వాడికీ అంతే అన్నాడు. కప్పు ఇచ్చేటప్పుడు అసలు మాట దాచినందుకు తానూ కమిటీ పెద్దరికం దిగిపోతున్నానన్నాడు. వద్దన్నవాళ్లున్నారు, ఆయన వినలేదు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏదో అన్నాడు కూడా. అది మాత్రం నిజంగానే వినబడలేదు, మళ్లీ అడగడం బాగుండదని అడగలేదు.

ఇంకొక సంగతి. ఈస్టరుతో నీ శిక్ష తీరిపోతుందట, అంటే వచ్చే ఈస్టరు తెల్లవారి నీకు డ్రమ్ము ఇచ్చేస్తారు. క్రాంతి మాత్రం, "పోయిన ఈస్టరుకు ఆ అమ్మాయి ఒక్కతే నడిచింది, ఈసారి నేనొక్కణ్ణే నడస్తాను" అన్నాడు. మీ అమ్మ నా వైపు చూసింది. నేను చూడలేదు. పెళ్లి మాట నా నోట రాదు, ఒట్టు. మీ అమ్మ మనసులో ఏముందో నాకు పూచీ లేదు.

మనుబోలు వాళ్లు జయకుమార్‌కు డ్రమ్ము తిరిగి ఇచ్చారు. మనల్ని పోటీకి రానివ్వకూడదని వాళ్లలో కొందరు ఇంకా పట్టుబడుతున్నారట. పోటీ పెట్టే గూడూరు వాళ్లు మాత్రం రమ్మని కబురు పెట్టారు, గెలుపు లెక్కలోకి తీసుకోం, నడవండి అన్నారు. నడుస్తాం! జనవరి ఆఖరి శనివారం. నువ్వు మద్రాసు నుంచి రైల్లో వచ్చి గూడూరు స్టేషన్లోనే దిగు. నేను ప్లాట్‌ఫారం మీద యూనిఫారంతో ఉంటాను. పోటీ అయ్యాక వ్యానులో అందరితో పాటు ఇంటికి. ఇంటికి అని రాస్తుంటేనే అక్షరాలు వంకరపోయాయి, ఏమీ అనుకోకు.

ఇక ఈ సంగతి అందరికీ తెలియాలి. నాకు ఫోన్ చేతకాదు, మీ అమ్మ మూడు ముక్కల్లో తేల్చేస్తుంది, కాబట్టి నువ్వే చెప్పు. గూడూరులో మీ చిన్నమ్మకు, నిమ్మకాయల మండీ దగ్గర ఉండే వాళ్లాయనకు కూడా విడిగా చెప్పాలి, లేకపోతే అలుగుతాడు. నాయుడుపేటలో మీ పెద్దనాన్నకు, నిదానంగా చెప్పు, గుండె మనిషి. కోటలో మీ మేనమామకు, ఆయన చెబితే వాకాడు వాళ్లందరికీ చెప్పినట్టే. ఒంగోలులో టీచరు పని చేసే మీ వదినకు, బస్సు నిండా పిల్లల్ని తెస్తానన్నా వద్దనకు. చివరగా సూళ్లూరుపేటలో మీ మేనత్తకు తప్పకుండా చెప్పాలి. ఆమె ఎత్తుకోగానే, "ఏం ప్రైజొచ్చింది?" అని అడుగుతుంది. ప్రైజేమీ లేదత్తా, నేను ఖాళీ చేతులతో అందరి వెనక నడుస్తున్నాను, చూసేదానికి రా అని చెప్పు.